గంధం తుడిచేయమన్నారు

మా మనవరాలి తలకు గంధం పూసే పని నాది. దానికి రక్త క్యాన్సర్ అని తేలి, తిరుపతిలో మందులు ఎక్కించడం మొదలుపెట్టాక జుట్టు కుచ్చులు కుచ్చులుగా దువ్వెనకు వచ్చేసింది. మిగిలిన నాలుగు వెంట్రుకలు చూడలేక మా అమ్మాయి మంగలి దగ్గరికి తీసుకుపోయి గుండు చేయించింది. ఆ రోజు బస్టాండులో మా పక్కన కూర్చున్న ఒకామె, మొక్కు తీరిందా తల్లీ అని పిల్లను పలకరించింది. తొమ్మిదేళ్ళ పిల్ల. నా ముఖం చూసింది, ఆమె ముఖం చూసింది, తీరింది అని తలూపింది.

తిరుపతిలో గుండు ఎవరికి వింత? ఊరంతా గుండ్లే. ఆ సంగతి పిల్ల నాకంటే ముందు కనిపెట్టింది. కొండ దిగినవాళ్ళ మాదిరే తనకూ గంధం పూయమని అడిగింది. నర్సమ్మను అడిగితే, శుభ్రంగా అరగదీసిందయితే పరవాలేదన్నది. అప్పటినుంచి ఆసుపత్రి గడప దాటే ముందు దాని తలకు గంధం పూయడం మాకు అలవాటయింది. సత్యవేడు దగ్గర మా ఊళ్ళో ఈ జబ్బు పేరెత్తితే చాలు, తమ పిల్లల్ని మన పిల్ల పక్కన కూర్చోనివ్వరు. "నేను మళ్ళీ బడికి పోయినప్పుడు మొక్కనే చెప్పాల అవ్వా, మాట తప్పకూడదు" అని నా చేత ఒట్టు వేయించుకుంది. తన బడి, తన స్నేహితురాళ్ళు, తన బెంచీ. ఆ పిల్లకు కావలసింది అంతే.

మంచం, మందు సర్కారు కార్డు మీద ఉచితమే. కాదనను. కానీ ఉచితం అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. జబ్బు పిల్ల ఒక్కతే వచ్చి మంచం మీద పడుకుంటుందా? తల్లి కంపెనీ పని మానేసింది. తండ్రి ట్రాక్టరు తోలే పని సగం రోజులు పోగొట్టుకున్నాడు. జ్వరం వస్తే వెంటనే తీసుకురావాలి, దగ్గర్లోనే ఉండమని డాక్టరు చెప్పింది. దగ్గర్లో అంటే గది. ఒకటి బాడుగకు తీసుకున్నాం. తిరుపతిలో గదులన్నీ దేవుడి కోసం వచ్చేవాళ్ళవి, రోజు లెక్కన. జబ్బు కోసం వచ్చినవాళ్ళకూ అదే లెక్క. ఈ ఖర్చు ఏ కార్డులోనూ లేదు. జబ్బంటే ఒక్క మందేనని అనుకున్నవాళ్ళు ఎవరో, వాళ్ళ ఇంట్లో ఎప్పుడూ ఎవరికీ జబ్బు చేసినట్టు లేదు.

వార్డులో ఎవరో చెప్పగా మా అమ్మాయి ఒక దాతల సంఘానికి అర్జీ పెట్టింది. వైద్యం అయ్యేదాకా గది బాడుగ వాళ్ళు కడతారట. ఒప్పుకున్నారని తెలిసిన రోజు అది ఏడ్చింది. సంతోషంతోనే.

వాళ్ళు వచ్చారు. ఇస్త్రీ చొక్కాల మగవాళ్ళు ముగ్గురు, పూలబొకే పట్టుకున్న ఒకామె, తలుపంత అట్టమీద చెక్కు బొమ్మ. ఆసుపత్రి వసారాలో గోడకు ఫ్లెక్సీ కట్టారు. యాభై దాటాక మనవరాలి ఒకటో తరగతి పుస్తకంలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని, అన్నీ చదువుతాను. చదివాను. క్యాన్సర్ బాధిత నిరుపేద చిన్నారికి చేయూత. కింద పిల్ల పేరు, మా ఊరి పేరు. ఫోటోకు చోటు ఖాళీగా వదిలారు. ఇదే మా మండలంలోనూ కడతారట, పేపరుకూ ఇస్తారట.

పిల్లను నిలబెట్టాక వాళ్ళలో పెద్దాయన దాన్ని ఎగాదిగా చూశాడు.

"ఆ గంధం తుడిచేయండమ్మా. ఇట్లుంటే కొండకి పోయొచ్చిన బిడ్డ మాదిరి ఉండాది. చూసినోళ్ళు నమ్మరు."

పూలబొకే ఆమె సంచిలోంచి తడి గుడ్డ తీసింది. పిల్ల రెండు చేతులూ తల మీద పెట్టుకుని నా వైపు చూసింది. నేను ఆ గుడ్డ లాక్కున్నాను.

"ఇచ్చేదుంటే ఇయ్యి సామీ. దీని తల మీద చెయ్యి పెట్టొద్దు."

మా అమ్మాయి నన్ను పక్కకు లాగింది. దాని కోపం తప్పని నేను ఎన్నడూ అనలేదు. "గమ్మునుండు మా. గది లేకుంటే బిడ్డను యాడ పెట్టుకునేది? నీ రోషం బాడుగ కడతాదా?" అంది పళ్ళు బిగించి.

నాకు వేరే దారి తోచింది. ఆయన దగ్గరికి పోయి, ఫోటో కావాలంటే నన్ను తీసుకోండి, పిల్ల అవ్వను నేనే, బీదదాన్ని నేనే, నా పేరు రాసుకోండి, కావాలంటే ఏడుస్తాను కూడా అన్నాను. వేళాకోళానికి అనలేదు. ఆయన నవ్వాడు. చెడ్డ నవ్వు కూడా కాదు, తెలియనిదానికి తెలియజెప్పే నవ్వు.

"ముసిలోళ్ళ మొగం చూసి ఎవురిస్తారమ్మా? బిడ్డ గుండు చూస్తేనే కదా జనం చెయ్యి జేబులోకి పోయేది."

ఆ మాట మా అమ్మాయి కూడా వింది. వచ్చి పిల్ల తల మీది చేతులు మెల్లగా తీసింది. నేను ఒక్క క్షణం భయపడ్డాను, ఒప్పుకుంటుందేమోనని. అది గంధం చెరిగిన చోట వేలితో సరిచేసి, "నడువు, పోదాం" అంది. వాళ్ళు ఫ్లెక్సీ చుట్టుకుని, మనసు మారితే కబురు పెట్టమని చెప్పి, చెక్కు బొమ్మతో సహా పోయారు.

గది ఖాళీ చేశాం. ఆ తర్వాత జ్వరం వచ్చిన ప్రతిసారీ ఊరినుంచే పరుగు. పుత్తూరు దాటినా ఆ పిల్ల ఒళ్ళు నా ఒళ్ళో కాలుతూనే ఉండేది. ఒకసారి ఆలస్యమైందని డాక్టరు మమ్మల్నే తిట్టింది. దగ్గర్లో ఉండమన్నానుగా అంది. పిల్ల బతికింది కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. బతకకపోయి ఉంటే, గంధం తుడవనివ్వని ముసలిదాన్ని అందరూ అనేవాళ్ళు, తుడవమన్నవాణ్ణి ఎవరూ అనేవాళ్ళు కారు.

చివరి విడత మందు అయిన రోజు బస్సులో అరవదేశం ఆమె ఒకతె పిల్ల గుండు చూసి, మొక్కా అని అడిగింది. అవును, తీరిపోయింది అంది మా పిల్ల, గట్టిగా. అప్పుడే కిటికీలోంచి కూడలి దగ్గర ఫ్లెక్సీ కనబడింది. అదే సంఘం. ఆ పెద్దాయన ముఖం చాటంత. పక్కన ఎవరి బిడ్డో, బోడితలతో, రెండు చేతులూ కిందికి దించుకుని. ఆ తల్లికి గది దొరికి ఉంటుంది. ఆమెను నేను ఒక్క మాట అనను. బస్సు మలుపు తిరిగేదాకా ఆ బిడ్డ పేరు, ఊరు అక్షరం అక్షరం చదివాను. ఆ ఊరి బడిలో ఈసరికి అందరూ చదివే ఉంటారు.