మిరుగు దాకా ఆగని జొన్నలు

ఆయమ్మ పోయిందన్న కబురు మొన్న పొద్దున, పిల్లలకు గుడ్లు ఉడకబెడుతుండగా వచ్చింది. ఫోన్‌లో ఆమె కూతురు ఒక్కొక్క మాటే కూడదీసుకుని చెప్పింది: "టీచర్, అమ్మ తెల్లారంగ పోయింది. పిల్లలకు బువ్వ పెట్టినంకనే రాండ్రి. లేకుంటే అమ్మ ఊకోదు." నేను పొయ్యి ఆర్పలేదు. గుడ్లు వలిచి పెట్టి, మూతులు తుడిచి, అప్పుడు ఆటో ఎక్కాను.

పటాన్‌చెరు ఫ్యాక్టరీల వెనక బస్తీలో మా అంగన్‌వాడీ. నేను టీచర్ని, ఆమె ఆయా. పదకొండేళ్ళు ఒకే పొయ్యి దగ్గర పనిచేశాం. మా నాన్న ఇక్కడి ప్లాంటులో ఉద్యోగానికి గోదావరి వైపు నుంచి వచ్చాడు. అన్నమంటే తెల్లగా ఉండాలని నమ్మే ఇల్లు మాది. ఆమెది పక్క ఊరు వెలిమెల. నేను చేరిన మొదటి వారంలోనే నాకు తెలిసినదెంతో తేలిపోయింది. వెనక గోడ పక్కన కలుపు పీకించబోతే చేయి అడ్డం పెట్టింది. "ఏందమ్మా, కూర పీకిస్తున్నవ్? గది గంగవాయిలి కూర. పప్పుల ఏస్తే నువ్వే ఇంకింత అడుగుతవ్." అడిగాను కూడా.

పిల్లలు రాగానే వాళ్ళ జబ్బ చుట్టూ బొటనవేలూ నడిమి వేలూ వేసి చూడటం ఆమెకు అలవాటు. నా దగ్గర కొలత టేపుంది, రిజిస్టరుంది. అయినా ఆమె వేళ్ళ తర్వాతే నా టేపు. వేళ్ళ కొసలు కలిశాయంటే ఆ గిన్నెలో ఇంకో గరిటె పడేది. "ఏళ్ళు కలిసినయంటే ఇంట్ల పొయ్యి ఎలుగుతలేదన్నట్టు" అనేది. బిహార్ నుంచి వచ్చిన పింకీ వాళ్ళమ్మను పట్టుకుని, "బచ్చీకు చిప్స్ నక్కో, రోటీ దేవ్" అని, చిప్స్ కాదు రొట్టె పెట్టమని గదమాయించింది ఒకసారి. "షిఫ్ట్ ఛే బజే హై అమ్మా, కబ్ పకావూఁ?" అని, ఆరింటికే షిఫ్టు, ఎప్పుడు వండేదని అడిగింది ఆవిడ. ఆయమ్మ తన మధ్యాహ్నపు జొన్నరొట్టెలో సగం విరిచి ఆవిడ చేతిలో పెట్టింది.

తర్వాత మా బోరు నీళ్ళు పసుపు రంగుకు తిరిగాయి. ఒకనాడు నన్ను ఆపిన ఆ చేతులతోనే గోడ పక్క కూరంతా తనే పీకేసింది. "నీళ్ళు జెడినయ్. గిది పిల్లల నోట్ల పెట్టొద్దు" అని చెప్పి, చేతులు కడుక్కోవడానికి నీళ్ళ కోసం చూసి, కొంగుకు తుడుచుకుంది.

వాళ్ళ చేను ప్లాట్లయింది. అయినా అమ్ముడుపోని ప్లాట్ల హద్దురాళ్ళ మధ్య పచ్చజొన్న వేసి, ఏటా ఒక బుట్టెడు ముందు విత్తనానికి తీసిపెట్టేది. బుట్టకు పేడ పూసి, జొన్నల మధ్య వేపాకూ బూడిదా వేసి, మూతి మట్టితో మూసేది. మిరుగు దాకా, అంటే మృగశిర కార్తె వచ్చి విత్తే రోజుల దాకా, ఆ మూత తీయకూడదు. ఈ వేసవిలో జబ్బుపడి సంగారెడ్డి ఆస్పత్రికి పోతూ ఆ బుట్టను నాకు అప్పగించింది. "ఇంట్ల ఉంటే తెల్వక వండేస్తరు. నువ్వు సదువుకున్నదానివి టీచరమ్మా."

నేనే వండేశాను.

అంగన్‌వాడీకి బియ్యం రావడం ఆగిపోయింది. మా ఇంటి నుంచి తెచ్చి వండిన బియ్యం మూడు రోజులకే అడుగంటాయి. నాలుగో రోజు పింకీ ఖాళీ గిన్నెను నాకుతూ కూర్చుంది. నేను మట్టి మూత పగలగొట్టాను. జొన్నలు కడిగి, తిరగలిలో విసిరి, గటక, అంటే జొన్న సంకటి, కాచాను. పింకీ మూడుసార్లు పెట్టించుకుంది. రెండు రోజులకు బుట్ట అయిపోయింది. ఆ మర్నాడే బియ్యం బండి వచ్చింది.

ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని చెప్పేశాను. ఆయమ్మ నా వైపు తిరిగింది.

"బుడ్డది తిన్నదా?"

"తింది."

"కడుపు నిండిందా?"

"నిండింది ఆయమ్మా."

"మంచిగ జేసినవ్ తియ్యి." గోడ వైపు తిరిగింది. అటు నుంచే అడిగింది: "మిరుగుకు ఏం జల్లుతం టీచరమ్మా?"

తిట్టినా బాగుండేది. ఆ విత్తనం కోసం వెలిమెలలో ఇల్లిల్లూ తిరిగాను. "గా జొన్న ఇప్పుడెవలేస్తున్నరు తల్లీ, ఏసేతందుకు జాగేడిది?" అన్నాడొక ముసలాయన. ఎవరి దగ్గరా ఒక్క గింజ లేదు. ఆ సంగతి చెప్పడానికి మళ్ళీ వెళ్ళలేదు. నాకు తినడం, పెట్టడం నేర్పిన మనిషిని ఆఖరి రోజుల్లో తప్పించుకు తిరిగాను.

మిరుగు నిన్న వచ్చింది. మంచి వాన. పిల్లలు ఆయమ్మ కోసం వంటగదిలోకి తొంగిచూసి వెనక్కి వచ్చేశారు. బుట్ట మూలనే ఉంది, ఇంకా వేపాకు వాసన వేస్తోంది. టేపు తీయబోయి ఆగి, పింకీని దగ్గరికి పిలిచాను. జబ్బ చుట్టూ బొటనవేలూ నడిమి వేలూ వేశాను. కొసలు కలిసి, ఒకదాని మీదికొకటి ఎక్కాయి.