అక్క గొంతుతో అడిగే ఫోన్

కోడు రాయడం రానివాళ్లు కూడా ఫోన్‌లో తమకు కావలసిన యాప్ తామే చేసుకునేలా నేనొక పనిముట్టు తయారుచేస్తున్న రోజులవి. తెరమీద రంగు ముక్కలుంటాయి. వేలితో జరిపి ఒకదానికొకటి అతికిస్తే చాలు. మొదట మా అక్కకిచ్చాను. ఆమె జడ్చర్లలో మందుల కంపెనీలో పనిచేసేది.

ఒక ముక్క మీద ‘పునరావృతం’ అని ఉంది. అక్క మొహం చిట్లించింది.

"ఇదేంది తమ్మీ, పంతులు చదివే మంత్రమా?"

"చేసిందే మళ్లా చెయ్యమని."

"మరి గట్లనే రాయరాదు?"

అలాగే మార్చాను. ఆ ఆదివారం పొద్దుగూకేలోపే అక్క తన యాప్ చేసుకుంది.

డ్యూటీలోకి ఫోన్ తీసుకుపోనియ్యరు. మా ఊరు మర్రిగూడలో బాపు, అంటే మా నాన్న, చేనుకు పోతే మేం అవ్వ అని పిలిచే మా అమ్మ ఇంట్లో ఒక్కతే ఉండేది, బీపీ గోలి మరిచిపోయేది. అందుకని అక్క తన గొంతు రికార్డు చేసి అవ్వ ఫోన్‌లో పెట్టింది. మధ్యాహ్నం కాగానే అది "అవ్వా, తిన్నవా? గోలి ఏసుకున్నవా?" అని అడిగేది. నేను పొంగిపోయి కనబడ్డవాళ్లందరికీ చెప్పాను.

తర్వాత ఊరికి పోయినప్పుడు అవ్వ ఆ గొంతుకు జవాబివ్వడం చూశాను.

"తిన్న బిడ్డా. చిక్కుడుకాయ కూర. నువ్వు తిన్నవా?"

ఫోన్ మళ్లీ అదే అడిగింది.

"చెప్తి గదనే!" అని అవ్వ నవ్వింది.

అది అక్క కాదని చెప్పాను.

"గొంతు దానిదే గదరా" అంది.

సాయంత్రం అక్క నిజంగానే ఫోన్ చేసింది. "ఇందాకనే మాట్లాడితివి గదా, పని చూస్కో పో" అని అవ్వ ఫోన్ నా చేతిలో పెట్టింది. ఆ మాటలు అవతల అక్కకు వినబడ్డాయి.

అక్క ఆ యాప్‌లోంచి తన గొంతు తీసేసి, గంట మోత పెట్టింది. కొన్నాళ్లకు బాపు ఫోన్ చేశాడు.

"అవ్వ అన్నం సరిగ్గ తింటలేదు. ‘పిల్ల నా మీద అలిగింది, పలుకుతలేదు’ అంటాంది."

అక్క మళ్లీ తన గొంతే పెట్టి, నన్నడిగింది.

"తమ్మీ, అవ్వ చెప్పేది విని దాచిపెట్టి నాకు పంపే ముక్క చేస్తవా?"

చేసిచ్చాను. ఇప్పుడు డ్యూటీ దిగి బస్సెక్కగానే అక్క అవ్వ జవాబులు వింటుంది. ఒక్కోసారి నవ్వుతుందట, ఒక్కోసారి కిటికీ వైపు తిరుగుతుందట. తను నిజంగా ఫోన్ చేస్తే మాత్రం అవ్వ రెండు ముక్కల్లో ముగిస్తుంది. నేను వాళ్లను దగ్గర చేశానో, మధ్యలో అడ్డం నిలబడ్డానో ఎంత ఆలోచించినా తేలడం లేదు.

"ఆ యాప్ తీసేద్దామా అక్కా?" అని ఒకసారి అడిగాను.

"ఏమో తమ్మీ" అంది. కొంచెం ఆగి, "జర ఉండనియ్యి" అంది.