అరణంగా వచ్చిన మనిషి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక మనిషి ఉండేది. ఆమెను అందరూ "పిల్లా" అని పిలిచేవాళ్ళు. అప్పటికే ఆమెకు యాభై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. తల సగం నెరిసింది. అయినా మా నాయనమ్మ మొదలుకొని ఎనిమిదేళ్ళ నా దాకా అందరికీ ఆమె పిల్లే.

అవి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. మా ఇల్లు పటమటలో. అప్పుడు పటమట అంటే చుట్టూ వరిపొలాలు. బెజవాడ వెళ్ళాలంటే జట్కా మాట్లాడుకోవాలి. ఇంటి వెనక పాకలో రెండు మగ్గాలు ఉండేవి. బెజవాడలో మా నాన్నకు బట్టల కొట్టు ఉండేది. నూలు సర్కారు కంట్రోలులోకి పోయి మగ్గాలు సగం రోజులు ఊరికే పడి ఉన్నా, పిల్లకు మాత్రం ఊరికే కూర్చునే పని లేదు. కోడి కూయకముందే నీళ్ళు తోడేది, పేడ తీసేది, నూలుకు గంజి పెట్టేది, రాట్నం ముందు కూర్చుని మగ్గానికి దారపు కండెలు చుట్టేది. మధ్యాహ్నం నాయనమ్మ కాళ్ళు పట్టేది. అందరి భోజనాలూ అయ్యాక మగ్గాల పాకలో ఒక్కతే కూర్చుని తినేది. నేను నడవగలిగినా సరే, "ఒసే పిల్లా, నన్నెత్తుకో" అంటే వీధి చివరిదాకా చంకనేసుకుని మోసేది. ఈ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. అప్పుడు లేదు.

ఆమె మా ఇంటికి ఎలా వచ్చిందో అందరికీ తెలుసు. మా నాయనమ్మది బందరు వైపు పెద్దిల్లు. కాపురానికి వచ్చేటప్పుడు పుట్టింటివాళ్ళు అరణం ఇచ్చి పంపారు. ఒక పాడి ఆవు, దూడ, ఇద్దరు పట్టినా కదలని ఇత్తడి గంగాళం, ఆరేళ్ళ పిల్ల. ఈ వరస నాయనమ్మ ఎంతో గొప్పగా చెప్పేది. ఆవు పోయింది, దాని దూడ ముసలిదై పోయింది. గంగాళం ఉంది, పిల్ల ఉంది.

ఆ ఏడు మా మేనత్తకు తెనాలి సంబంధం కుదిరింది. నాయనమ్మకు ఆఖరి కూతురు, గారాల బిడ్డ. ఒకరోజు వక్కలు కత్తిరిస్తూ నాయనమ్మ అంది: "కొత్త చోట దానికేం చేతనవుతుంది? పిల్లని దానితో పంపిద్దాం. నాకు మా అమ్మ చేసినట్టే నేనూ చేస్తాను." అత్తయ్య సంతోషపడింది. నాన్న సరేనన్నాడు. నా తల ఎవరు దువ్వుతారని నేనొక్కదాన్నే ఏడ్చాను. పక్కనే కూర్చుని కాళ్ళు పడుతున్న పిల్లను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె చేతులు ఆగనూ లేదు.

మా పక్కింట్లో ఒక పంతులమ్మగారు ఉండేవారు. ఆడపిల్లల బడిలో చెప్పేవారు. సాయంత్రం పూట మా వీధి పిల్లల్ని వాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టుకుని చదివించేవారు. సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. గొంతు పెంచగా నేను వినలేదు. ఆ పెళ్ళికి నెల ముందు ఒకనాడు మా అందరినీ, ఎవరింట్లో ఉన్నవాళ్ళ పేర్లు వాళ్ళను రాసుకురమ్మన్నారు. నేను పదకొండు పేర్లు రాసి, గుండ్రటి దస్తూరీకి మెచ్చుకుంటారని ఎదురుచూస్తూ పలక ఇచ్చాను.

ఆవిడ చదివి, "మీ నూతి దగ్గర పొద్దున్నే నీళ్ళు తోడే ఆవిడ ఏదమ్మాయీ ఇందులో?" అన్నారు.

"ఆమె మా ఇంట్లో మనిషి కాదండీ. అరణంగా వచ్చింది."

"అరణంగా ఇంకేం వచ్చాయి?"

నాయనమ్మ చెప్పే వరసలోనే చెప్పాను. ఆవు, దూడ, గంగాళం, పిల్ల.

ఆవిడ తిడతారేమో అనుకున్నాను. తిట్టలేదు. పలక నా చేతికిచ్చి, "ఆమె పేరు అడిగి రాసుకురా. ఇంకొకటి కూడా అడుగు. ఎక్కడికైనా వెళ్ళాలని ఉందా అని," అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం మగ్గాల పాకలోకి వెళ్ళాను. పిల్ల రాట్నం తిప్పుతోంది. నీ పేరేమిటని అడిగితే నవ్వింది.

"పేరెందుకు చిన్నమ్మా? పిలిస్తే పలకట్లేదా?"

"పంతులమ్మగారు రాసుకురమ్మన్నారు."

రాట్నం ఆగింది. ఎవరూ కేక వెయ్యకుండా ఆ రాట్నం ఆగడం నేను చూడటం అదే మొదలు. దారం ఆమె వేళ్ళ మధ్య అలాగే ఉండిపోయింది. పెదవులు కదుపుతూ ఏదో వెతుక్కుంటోంది. ఎంతసేపు గడిచిందో చెప్పలేను గాని, వాకిట్లో కాకుల అరుపులు నాకు ఒక్కొక్కటీ విడివిడిగా వినిపించాయి.

"నాంచారి," అంది చివరికి. తన గొంతు తనకే కొత్తయినట్టు ఉలిక్కిపడి, మళ్ళీ అంది. "నాంచారమ్మ. మా అమ్మ నాంచారీ అని కేకేసేది. సముద్రం హోరులో ఇనపడదని గట్టిగా అరిచేది."

నేను పలక మీద రాసి చూపించాను. ఆమె తడిచెయ్యి చీరకు తుడుచుకుని, అక్షరాలు చెరిగిపోకుండా వాటి పక్కన వేలు నడిపింది. "ఇంత పొడుగుందా నా పేరు?" అంది.

పుట్టినప్పటి నుంచీ రోజూ చూస్తున్న మనిషిలో ఇంకో మనిషి కూర్చుని ఉందని, ఆమెకు అమ్మ ఉండేదని, ఆమె కూడా ఒకప్పుడు ఎవరో పిలిస్తే పరిగెత్తి వెళ్ళిన పాపేనని, ఆ క్షణం దాకా నాకు తట్టనే లేదు. చేపలు పట్టుకునే ఇల్లట వాళ్ళది. ఒక ఉప్పెన ఏడు తిండిలేక, బిడ్డ బతికితే చాలని తల్లే నాయనమ్మ పుట్టింటి పెరట్లో వదిలి వెళ్ళిందట. మళ్ళీ వస్తానందట. ఆ ఇంటివాళ్ళు ఆ లోపే పిల్లను అరణం బండి ఎక్కించారు.

రెండో ప్రశ్న అడిగాను. ఆమె గాభరాగా గుమ్మం వైపు చూసి, "అట్టాంటివి అడక్కూడదు చిన్నమ్మా," అంది. రాట్నం మళ్ళీ తిప్పసాగింది. నేను లేచి వచ్చేస్తుంటే వెనకనుంచి మెల్లగా అడిగింది.

"సముద్రం ఇంకా ఆడే ఉంటదా?"

"ఉంటుంది. మా భూగోళం పుస్తకంలో ఉంది," అన్నాను ధీమాగా.

ఆ సాయంత్రం నాయనమ్మకు నా పట్టీ చదివి వినిపించాను. పన్నెండో పేరు దగ్గర నాయనమ్మ కళ్ళు చిట్లించి, "ఎవరే అది?" అంది. చెప్పాను. చేతిలో తమలపాకు చేతిలోనే ఉండిపోయింది. నలభై ఏళ్ళు తన కాళ్ళు పట్టిన మనిషి పేరు ఆమె అప్పుడే మొదటిసారి వింది. కాసేపటికి కోపం తెచ్చుకుని, చరచరా రెండిళ్ళ మధ్య గోడ దగ్గరికి వెళ్ళి పంతులమ్మగారిని పిలిచింది.

"ఏవమ్మా, పసిదానికి ఏం నేర్పుతున్నావు? దాన్ని నేనేనాడైనా పస్తు పెట్టానా? ఒక్క దెబ్బ కొట్టానా? నేను కట్టిన చీరే అదీ కట్టింది."

"నిజమేనండీ," అన్నారు పంతులమ్మగారు. "మీరు పస్తు పెట్టలేదు. తెనాలి వెళ్తావా అని మాత్రం అడిగారా అండీ?"

నాయనమ్మ కొంగు విదిలించుకుని లోపలికి వచ్చేసింది. ఆ ఆలోచనే ఆమెకు అర్థంకాలేదని ఇప్పుడు నాకనిపిస్తుంది. గంగాళాన్ని ఎవరు అడుగుతారు? మర్నాటి నుంచి నన్ను ఆ అరుగు ఎక్కనివ్వలేదు.

పెళ్ళి అయింది. మూడోనాడు పొద్దున అప్పగింతలు. వాకిట్లో రెండు గూడుబండ్లు కట్టి ఉన్నాయి. అత్తయ్య ఏడ్చి ఏడ్చి బండెక్కింది. సామానంతా సర్దారు. రెండో బండిలో మూటల పక్కన కొంచెం చోటు మిగిల్చారు. నాయనమ్మ కళ్ళు తుడుచుకుంటూ, వెనక్కి తిరగకుండానే, "పిల్లా, ఎక్కు," అంది.

పిల్ల మెట్టు దిగలేదు.

"ఎక్కవే, పొద్దెక్కుతోంది."

"నేనెక్కనమ్మగారూ."

పెద్దగా అనలేదు. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని, నేలను చూస్తూ అంది. సన్నాయి వాళ్ళు ఆపేశారు. తెనాలి వియ్యపురాలు ముక్కున వేలేసుకుని, "ఏమిటి వదినగారూ, మీ అరణం మాట్లాడుతోందే!" అంది. ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

నాన్న ముందుకొచ్చాడు. "ఎక్కక ఎక్కడికి పోతావు? నీకెవరున్నారు?"

"ఎవరూ లేరు బాబుగారూ. అయినా ఎక్కను."

"అయితే ఈ గడపలో కూడా ఉండటానికి లేదు. తెలుసా?"

"తెలుసు బాబుగారూ."

ఆకాశం విరిగి పడుతుందని నేను నిజంగా అనుకున్నాను. పడలేదు. ఎద్దులు మెడలు విదిలించాయి, మువ్వలు చప్పుడయ్యాయి. అంతమంది మధ్య ఆమె ఒక్కతే మెట్టు మీద నిలబడి ఉంది. చేతిలో మూట కూడా లేదు. నలభై ఏళ్ళ చాకిరీకి ఆమెది అని చెప్పుకునే చెంబు ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు. ఒంటి మీది చీర కూడా నాయనమ్మదే. ఆమె ఏమి పోగొట్టుకోబోతోందో ఆమెకంతా తెలుసు. తెలిసే అంది. అంత చిన్న గొంతులోంచి అంత పెద్ద మాట రావడం చూసి నోరు తెరుచుకుని ఉండిపోయాను. దేవుడి ఊరేగింపు ముందు కూడా నాకు అలాంటి భయభక్తులు కలగలేదు.

అప్పుడు గోడ అవతలి నుంచి పంతులమ్మగారు, ఎప్పటి నెమ్మది గొంతుతోనే, "నాంచారమ్మగారూ, మా వసారాలో చోటుంది. ఇష్టమైతే రండి," అన్నారు.

గారూ అన్నారు. ఇష్టమైతే అన్నారు. వాకిలంతా విన్నది. ఆమె తలెత్తి, మెట్లు దిగి, బండ్ల మధ్య నుంచి నడిచి వెళ్ళింది. అప్పటిదాకా పెరటి దారినే తిరిగిన మనిషి, ఆ రోజు మా వీధి గుమ్మంలోంచి వెళ్ళింది.

ఆ తర్వాత ఏడెనిమిది నెలలు ఆమె మా వీధి చివర నేతవాళ్ళ ఇళ్ళల్లో కూలికి కండెలు చుట్టింది. నూలు దొరకని రోజుల్లో ఊడ్పులకు వెళ్ళింది. చిక్కిపోయింది. జ్వరంతో వసారాలో పడి ఉన్న రోజులు నాకు తెలుసు. సుఖపడిందని చెప్పను. మా నాయనమ్మ గోడ వైపు చూసేది కాదు. కాళ్ళు ఎవరు పట్టినా, "నీకు రాదులే" అని ముడుచుకునేది.

ఎండలు ముదరకముందు ఒక ఉదయం, నాంచారమ్మ బందరు పడవలో వెళ్తోందని పంతులమ్మగారు మా అమ్మకు చెప్పారు. నేను కాలువ గట్టుకు పరిగెత్తాను. ధాన్యం బస్తాల పడవ అది. ఆమె బస్తాల పక్కన కూర్చుని ఉంది. ఈసారి మూట ఉంది. నన్ను చూసి, "భూగోళంలో ఉందన్నావుగా, చూసొస్తా," అని నవ్వింది.

అంతలో వెనక అడుగుల చప్పుడు. మా నాయనమ్మ. చెప్పులు కూడా లేకుండా, రొప్పుతూ వచ్చింది. గడప దాటి ఒంటరిగా రావడం నేనెప్పుడూ చూడలేదు. గట్టు అంచున నిలబడింది. ఏదో ఆజ్ఞ వెయ్యబోతుందని నేను భయపడ్డాను. నాయనమ్మ నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది.

"నాంచారమ్మా," అంది. "మళ్ళీ వస్తావా?"

అది ఆజ్ఞ కాదు. అడగడం. నలభై ఏళ్ళలో మొదటిసారి.

నాంచారమ్మ నీళ్ళ వైపు చూసింది, నాయనమ్మ వైపు చూసింది, ఆలోచించుకుంది. ఆమె ఆలోచించుకుంటుంటే మా నాయనమ్మ ఎదురుచూసింది.

"చూస్తానమ్మగారూ," అంది.

పడవ లాగేవాళ్ళు తాడు భుజానికెత్తుకున్నారు. పడవ కదిలింది.

ఆమెకు తనవాళ్ళెవరూ దొరకలేదట. ఆ ఊరే చెదిరిపోయిందట. అయినా ఆ తీరానే ఒక పల్లెలో ఉండిపోయి, చేపల గంప ఎత్తుకుని బతికింది. రెండేళ్ళ తర్వాత ఒక్కసారి వచ్చి, మా వీధి అరుగు మీద కూర్చుని, నాయనమ్మ చేత్తో ఇచ్చిన మజ్జిగ తాగి, "ఎళ్ళొస్తా" అని తనంతట తను లేచి వెళ్ళింది. అంతే. మళ్ళీ చూడలేదు.

నాకిప్పుడు తొంభై దగ్గరపడుతున్నాయి. ఇటుక బట్టీల్లో, రొయ్యల షెడ్లలో మనుషుల్ని కదలనివ్వకుండా పెట్టుకున్నారని, దేశంకాని దేశంలో పాస్‌పోర్టులు లాక్కున్నారని పేపర్లో వస్తే, మా మనవరాలు "ఈ రోజుల్లో కూడా బానిసలా?" అని ఆశ్చర్యపోతుంది. మా ఇంట్లో గొలుసు లేదు, పగలు గేటుకు గడియ కూడా లేదు. మేం చెడ్డవాళ్ళమని మాకెవరికీ అనిపించలేదు. అన్నం పెట్టాం, బట్ట ఇచ్చాం. వస్తావా, ఉంటావా, వెళ్తావా అని అడగవలసిన మనిషిగా మాత్రం ఆమెను లెక్కవెయ్యలేదు. గొలుసు కంటే గట్టిగా పట్టి ఉంచింది అదే.

మా ఇంట్లో ఇప్పుడు పనికి వచ్చే అమ్మాయి ఉంది. పండగ ముందు రోజు మా కోడలు, "రేపు తొందరగా వస్తావా?" అని అడిగితే, ఆ అమ్మాయి చెప్పులు వేసుకుంటూ, "చూస్తానండీ," అంటుంది. మా కోడలికి ఒళ్ళు మండుతుంది. "ఆ పొగరు చూశారా అత్తయ్యా," అంటుంది. ఆ "చూస్తానండీ" అన్న మాట వినపడ్డప్పుడల్లా, ఏ పని చేస్తున్నా, ఒక్క క్షణం నా చేతులు వాటంతటవే ఆగిపోతాయి.