ఆముదం తాగిన బ్రేకులు

కర్నూలు రాజధానిగా ఉండి, సర్కారు ఆఫీసులు గుడారాల్లో నడిచిన ఆ రోజుల్లో, కోడుమూరు దగ్గరి మా ఊళ్ళో మా ఇంటి గొప్పతనం కూడా గుడారంలాగే ఉండేది. బయటినుంచి చూస్తే ఠీవిగా నిలబడి ఉండేది, కింద నేల మాత్రం మాది కాదు. భూములు కొన్ని కరువులకు పోయాయి, కొన్ని కోర్టులకు పోయాయి. గుర్రం కూడా పోయింది (అమ్ముకోలేదు, ముసలిదై చచ్చిపోయింది. ఈ తేడా మా నాయనకు చాలా ముఖ్యం). మిగిలిందల్లా ఒక్క మర్యాద. దసరానాడు చెన్నకేశవస్వామి తేరు జమ్మిచెట్టుకు బయలుదేరినప్పుడు, దాని ముందు మా ఇంటి పెద్దమనిషి వాహనమెక్కి పోవాలి. మా వాహనం రాని ఏడు ఆ మర్యాద కింది వీధి వాళ్ళకు దక్కుతుంది. వాళ్ళు అప్పటికే జీపు కొన్నారు.

గుర్రం పోయాక నాయన దాని బదులు ఒక మోటారు సైకిలు తెచ్చాడు. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వేలం వేసిన బండి అది. గుడి దగ్గరినుంచి వంక (చిన్న వాగు) దాకా మా వీధి వాలుగా ఉంటుంది. ఇంజను మోతకు మేళం వినపడదని ఆ వాలు మీద ఇంజను ఆపేసి, బ్రేకు నొక్కుతూ వదులుతూ తేరుకు ముందు మెల్లగా జారడం నాయన పద్ధతి. చూసేవాళ్ళకు ఏనుగు నడిచినట్టు ఉండేది. ఆ ఏడు బ్రేకులు పూర్తిగా అరిగిపోయాయి. కర్నూలుకు పంపి బాగు చేయించమని అమ్మ అంది.

"మన బండి చక్రం ఊడబెరికి బజార్లో పడేసుకుంటే చూసినోళ్ళు నవ్వరా?" అన్నాడు నాయన.

కాబట్టి కొత్త బ్రేకు పట్టీలు, రాగి రివెట్లు మాత్రం తెప్పించి, ఒకప్పుడు గుర్రం జీను వేలాడిన కొట్టంలో తలుపులు వేసుకుని మేమిద్దరమే పని మొదలుపెట్టాం. చక్రం విప్పితే డ్రమ్ములో నెలవంకల్లాంటి బద్దలు రెండుంటాయి. వాటికి బిగించిన పట్టీ డ్రమ్మును ఒరుసుకుని చక్రాన్ని ఆపుతుంది. అరిగిన పట్టీని ఉలితో లేపి, కొత్తది రివెట్లతో బిగించి, రివెట్ల తలలు పైకి తేలకుండా అణగగొట్టి, అంచులు ఆకురాయితో నున్నగా చేయాలి. రెండు చక్రాలకూ నాయన ఈ పనంతా తలపాగా తీయకుండానే చేశాడు. సుత్తి చప్పుడు విని, మేము కచేరీ మామ అని పిలుచుకునే అమ్మ తమ్ముడు (కోర్టు వాయిదాలు తప్ప వేరే పని లేనివాడు) కిటికీ దగ్గర ఆగాడు.

"ఏం బావా, లోపల ఏందో కొడతాండారు?"

"జీనుకు మేకులు."

"గుర్రం యాడుండాది బావా?"

"వస్తాది" అన్నాడు నాయన, తలెత్తకుండా.

నవ్వు ఆపుకోవడానికి నేను నోట్లో పెట్టుకున్న రివెట్లను కరుచుకున్నాను. (ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నవ్వు రాదు.)

నవమి రోజుకు పట్టీలు బిగించడం అయింది, బద్దల్ని చక్రాల్లోకి ఎక్కించడమే మిగిలింది. అంతలో జేజి, అంటే నాయన తల్లి, ఆయుధపూజకు అన్నీ తెచ్చి పెట్టమంది. కత్తి, తుపాకి, సుత్తి, రెంచీలు, వాటి పక్కన మా బ్రేకు బద్దలు. పూజలో పెట్టినదాన్ని దశమి పొద్దున దాకా ముట్టుకోకూడదు. పొద్దున బిగించేసరికి గుడి దగ్గర మేళం మొదలైంది. బండిని ఒకసారి నడిపి చూసే వ్యవధి లేదు. బద్దలు కొంచెం ఆముదం వాసన వేశాయి గానీ, ఆయుధపూజకు మా ఇల్లంతా అదే వాసన. పట్టించుకోలేదు.

నాయన ముందు, వెనక నేను. నా చేతిలో వంశపు కత్తి (తుప్పు పట్టి ఒరలోంచి రానిది). వాలు మొదట్లో తేరు ఆగింది. నాయన ఇంజను ఆపి, జారనిచ్చి, బ్రేకు నొక్కాడు. బండి జారుతూనే ఉంది. ఇంకోసారి నొక్కాడు. అది ఇంకొంచెం ఉత్సాహంగా జారింది.

"నాయనా" అన్నాను.

"నిటారుగా కూర్చో" అన్నాడు.

చక్రాల్లోంచి పొగ లేచింది. జనం దాన్ని ధూపం అనుకున్నట్టున్నారు, ముసలమ్మలు చెంపలేసుకున్నారు. "ఈ ఏడు సామి శానా తొందర మీదుండాడే" అని ఎవరో అన్నారు. నాయన వాళ్ళ వైపు తల పంకించాడు కూడా. తప్పుకోండని అరవొచ్చు. మా ఇంట్లో వీధిలో అరిచే అలవాటు లేదు.

తేరు చక్రాల కింద కట్టె దిమ్మెలు వేసి దాన్ని ఆపే ముసలాయన, తేరు దిగేముందు వాలు ఎలా ఉందో చూడటానికి ఎప్పుడూ ముందుగా నడిచిపోతాడు. ఆ రోజూ దిమ్మె భుజాన పెట్టుకుని వంక గట్టున నిలబడి ఉన్నాడు. పొగను చూశాడు, మా నాయన మొహం చూశాడు. దేవుడి తేరుకు వేసినంత నిదానంగా దిమ్మెను మా ముందు చక్రానికి అడ్డం జరిపి పక్కకు తప్పుకున్నాడు. నేనూ, నాయనా, వంశపు కత్తీ వంక ఇసుకలో పడ్డాం.

"ఏమీ అనుకోవద్దు దొరా. నాకాడ ఉండేది ఇదొకటే" అన్నాడాయన.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఓర్చుకునేవాళ్ళం. నాయన తలపాగా దొర్లుకుంటూ పోయి కింది వీధి పెద్దాయన కాళ్ళ దగ్గర ఆగింది. ఆయన దాన్ని ఎత్తి, ఇసుక దులిపి, రెండు చేతులతో అందించాడు. "దెబ్బేమన్నా తగిలిందా అన్నా?" అన్నాడు. మోకాలి దెబ్బ కంటే ఆ మాట నాయనకు ఎక్కువ తగిలింది. ఆ ఇంటి జీపు కడిగి, పూలదండ వేసి పక్కనే ఉంది. నాయన దాన్ని కాసేపు చూశాడు.

"తేరు ఆగగూడదు. మీ బండి ముందు పోనీప్పా" అన్నాడు.

తలపాగా చంకలో పెట్టుకుని, కుంటుతూ వాలు ఎక్కిపోయి, జనంలో కలిసి తేరు తాడు పట్టుకున్నాడు. మా ఇంట్లో ఆ తాడు పట్టుకున్న మొదటి మనిషి ఆయన. రెండోవాణ్ణి నేను.

సాయంత్రం ఇంటికి పోతే, చూపు సరిగా ఆనని జేజి గడపలో కూర్చుని ఎదురుచూస్తోంది.

"బండి బాగా పోయిందా నాయనా? ఆ బద్దలు ఎండిపోయి గరగర అంటాంటే, జీనుకు పట్టించినట్టు ఆముదం బాగా పట్టించినా. నీ బట్టలకు అంటుతుందని మళ్ళా తుడిచి పెట్టినా."

నాయన ఆమె పక్కన గడపలో కూర్చున్నాడు.

"శానా బాగా పోయిందమ్మా. యాడా ఆగలే" అన్నాడు.

ఆ మర్యాద మళ్ళీ మా ఇంటికి రాలేదు. బండి కొట్టంలో జీను వేలాడిన చోట నిలబడిపోయింది. జేజి ఉన్నంతకాలం ప్రతి నవమికీ దానికి ఆముదం పట్టించింది. గిన్నె పట్టుకుని పక్కన నిలబడేది నాయనే.

ఇప్పుడు నేను వీధిలో పోతుంటే, ఊళ్ళోవాళ్ళు నన్ను చూపించి, ఆ ఇంటి మనిషి ఎంత నిటారుగా నడుస్తాడో చూడమంటారు. నడుము పట్టేసి వంగలేకపోతున్నానని నేను చెప్పను. నాయన చెప్పిన మాట ఒక్కటైనా విన్నానని అనుకోనీ.