పసుపు పోసిన రేడియేటర్

నాగాయలంక దాటాక కరకట్ట మీద దిగాం. కృష్ణకు వరద. ఒక పక్క ఏరు, రెండో పక్క మునిగిన రొయ్యల చెరువులు. ఎడతెగని ముసురు. నేను సైన్యంలో బండ్ల మెకానిక్‌ని, సొంతూరు గుడివాడ. సొంత గడ్డ మీద వరద సాయం డ్యూటీ పడిందని సంబరపడ్డాను. ఆ సంబరం మర్నాటి మధ్యాహ్నం దాకానే.

మా ట్రక్కు బరువుకు నానిన కట్ట దిగబడుతోంది. అందుకని చల్లపల్లి నుంచి ఒక పాత కారును ఓనరుతో సహా తెచ్చుకున్నాం. నాది గుడివాడని తెలియగానే ఆయన నన్ను బావగారిని చేసేశాడు.

మర్నాడు, కట్ట మీద తలదాచుకున్న ఓ మత్స్యకార ఇల్లాలిని పాము కరిచింది. వరదొస్తే పాములూ కట్టే ఎక్కుతాయి. మా నర్సింగ్ అసిస్టెంట్ ఆమె కళ్ళు చూశాడు.

"విషం నరాలకెక్కింది, రెప్పలు వాలుతున్నాయి. మందు అవనిగడ్డ ఆసుపత్రిలోనే ఉంది."

వైర్‌లెస్‌లో బోటు అడిగాను.

"సాయంత్రం దాకా లేదు. కారులో తీసుకెళ్ళండి. ఓవర్."

ఓనరు స్టీరింగ్ పట్టాడు. ఆమెనూ మొగుణ్ణీ వెనక సీట్లో ఎక్కించుకుని మూడింటికి బయల్దేరాం. సగం దూరమైనా పోకముందే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఆపించి, తడిగోనె కప్పి, రేడియేటర్ మూత మెల్లగా వదిలాను. లోపల పచ్చటి ముద్ద.

"ఏంటండీ ఇది?"

"పసుపేనండి బావగారూ. నీళ్ళు కారుతుంటే పోశాను. మా వైపు అందరూ పోస్తారండీ."

"ఎంత పోశారు?"

"కారినప్పుడల్లా."

చిటికెడు పసుపు చిన్న చిల్లును పూడుస్తుంది, నిజమే. ఈయన ఊరందరి పులిహోరకు సరిపడా పోశాడు. నీళ్ళు తిరగాల్సిన సన్న గొట్టాలన్నీ పూడిపోయాయి.

మిలటరీవాడికి భయం ఉండదంటారు మీరు. పానా రెండుసార్లు బురదలో పడేసుకున్నాను. వెనక సీట్లో మొగుడు బొటనవేలితో ఆమె రెప్ప ఎత్తి పట్టుకున్నాడు.

"నిద్రపోకే. నేను కనపడుతున్నానా?"

"ఆఁ" అంది.

రేడియేటర్ ఊడదీసి తలకిందులు చేశాం. బకెట్లతో ఏటి నీళ్ళు కొడితే పసుపు ముద్దలు జారిపడ్డాయి. బిగించాక ఇంజన్ చల్లారేదాకా ఆగాలి. కాలిన ఇనుములో చన్నీళ్ళు పోస్తే పగులుతుంది. ఆ ఆగడం నా శత్రువుకు కూడా వద్దు. పోయడానికి మంచినీళ్ళేవీ? ఏటివి బురద, చెరువువి ఉప్పు.

అక్కడ కట్ట మీద తలదాచుకున్నవాళ్ళ టార్పాలిన్ కిందనుంచి ఓ ముసలామె వచ్చింది. పొద్దున మేం పంచిన తాగునీళ్ళ ప్యాకెట్ చివర పంటితో కొరికి రేడియేటర్‌లోకి వంచింది. ఆమె వెనకే మిగతా ఆడవాళ్ళూ వచ్చారు.

"మరి మీకో?" అన్నాను.

"వానొస్తంది గదయ్యా, గిన్నెలు పెట్టుకుంటాం. నువ్వు పొయ్యి!"

పసుపు పోయేసరికి పాత చిల్లు మళ్ళీ కారసాగింది. మిగిలిన ప్యాకెట్లు ఒళ్ళో పెట్టుకున్నాను. ముల్లు లేచినప్పుడల్లా ఆపడం, పోయడం, కదలడం.

"కనపడుతున్నానా?" వెనక నుంచి మొగుడి గొంతు.

ఈసారి జవాబు లేదు. వెనక్కి తిరిగి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

అవనిగడ్డలో ఆమెను దించేటప్పుడు కూడా అతని బొటనవేలు ఆ రెప్ప మీదే ఉంది. సూది మందు పడింది. ఆమె బతికింది.

రిటైరై గుడివాడ వచ్చేశాను. ఇప్పుడు నా కారు కొత్తది, వేడెక్కదు. అయినా ముల్లు కాస్త కదిలితే చాలు, ఆ బొటనవేలే కనపడుతుంది. ఆమె పలకడం మానేశాక కూడా అతను రెప్పను వదల్లేదు, అడగడం ఆపలేదు.