గడ్డకట్టిన ట్యాంకుతో లండన్ దాకా

మా ఊరి నుంచి లండన్‌కి నూరు కిలోమీటర్లు. ఇంగ్లండులోది కాదు, కెనడాలోని ఒంటారియోలోది. సార్నియాలో ఉండేవాళ్లకి పెద్ద ఆసుపత్రితో పని పడితే అక్కడికే వెళ్లాలి. మా ఆద్యకి రెండున్నరేళ్లు నిండినా "అమ్మ" తప్ప మాట రాలేదు. పిలిస్తే ఒకసారి తిరిగి చూస్తుంది, మూడుసార్లు చూడదు. చెవులు పరీక్ష చేయించమని డాక్టరు రాసిచ్చిన ఐదు నెలలకి అపాయింట్‌మెంట్ దొరికింది. జనవరిలో ఒక గురువారం, పదకొండు గంటలకి. పావుగంట దాటితే రద్దవుతుందని, మళ్లీ వరసలో చివరికి వెళ్లాల్సిందేనని ఫోన్‌లో చెప్పారు. అది విన్నప్పటి నుంచి నాకు సరిగా నిద్ర లేదు.

రైలు ఉంది కానీ తిరుగు రైలు రాత్రికి గానీ లేదు. మా ఆయన ఉద్యోగం కాల్గరీలో. ఆయన రావాలంటే విమానం ఎక్కాలి. ఆ ఏడు మా కాలేజీలో ఎటు చూసినా తెలుగువాళ్లే, కారిడార్‌లో తెలుగు వినపడని గంట లేదు. అయినా క్లాసు కాగానే డేకేర్‌కి పరుగెత్తే నాకు స్నేహాలు కుదరలేదు. కాలేజీ గ్రూపులో "గురువారం నా కారులో లండన్ వెళ్తున్నా, ఎవరైనా వస్తారా" అని రాస్తే స్రవంతి అనే అమ్మాయి వస్తానంది. వాళ్లది జగిత్యాల. లండన్‌లో మధ్యాహ్నం బస్సు పట్టుకుని కిచెనర్ వెళ్లాలట.

ఎనిమిదీ పావుకి బయలుదేరాం. మైనస్ పద్నాలుగు. నాకు కారు అమ్మిన సీనియర్, వంకర గీతల గుర్తున్న బటన్ చూపించి, అది నొక్కితే వెనక అద్దమే కాక పక్క అద్దాలు కూడా వేడెక్కుతాయని చెప్పాడు. నొక్కాను. ఐదు నిమిషాల్లో పక్క అద్దాల మీది మంచు కరిగి జారిపోయింది. ముందు అద్దాన్ని బ్రష్‌తో గీకాను. వెనక సీట్లో ఆద్య తన చేతి తొడుగులు కొరుక్కుంటూ కూర్చుంది.

హైవే ఎక్కాక పావుగంట బాగానే సాగింది. తర్వాత ట్రక్కులు మొదలయ్యాయి. రోడ్డు మీద చల్లిన ఉప్పు, కరిగిన మంచు కలిసి బూడిద రంగు బురదలా తయారవుతుంది. ఒక్కో ట్రక్కు దాటినప్పుడల్లా అది మా అద్దం మీద చిమ్మేది. నీళ్లు కొట్టడానికి లివర్ లాగాను. మోటారు మూలిగింది తప్ప చుక్క రాలేదు. వైపర్ ఆ బురదని అద్దమంతా పులిమి పెట్టింది.

"ఏమైందక్కా?"

"నీళ్లు రావట్లేదు."

"ఏం పోసినవ్ అండ్ల?"

అప్పుడు గుర్తొచ్చింది. అక్టోబరులో అద్దం కడిగే నీళ్ల ట్యాంకు ఖాళీ అని లైటు వెలిగితే, మా నాన్న తెనాలిలో ఎలా చేసేవారో అలాగే చేశాను. కుళాయి నీళ్లు, అందులో సూట్‌కేసులో మిగిలిన ఒక షాంపూ ప్యాకెట్. కాలేజీ, డేకేర్, కిరాణా కొట్టు, ఇంతే నా తిరుగుడు. ఎప్పుడూ లివర్ లాగే అవసరం రాలేదు. నీళ్లు గడ్డకడతాయని బీటెక్ చదివిన నాకు తోచలేదు.

స్రవంతి పకపకా నవ్వింది. "మా బాపు గూడ గంతే అక్కా, షాంపూ పిండుతడు. కాని జగిత్యాలల మైనస్ పద్నాలుగు ఉండదు గదా!" తర్వాత పక్క అద్దంలోకి చూసి, "ఎనక మస్తు క్లియర్‌గ కనవడుతుంది. ముందే కనవడ్తలేదు. రివర్స్‌ల పోదామా లండన్‌కి?" అంది.

నాకు నవ్వు రాలేదు. మిణుకుమనే లైట్లు వేసి రోడ్డు వారగా ఆపాను. స్రవంతి తన బ్యాగులోంచి శానిటైజర్ సీసా తీసి, గాలికి వంగిపోతూ దిగి, నా వైపు అద్దం మీద పిండి టిష్యూలతో రుద్దింది. అరచెయ్యంత మేర కిటికీ తెరుచుకున్నట్టయింది. అందులోంచి చూస్తూ నెమ్మదిగా స్ట్రాత్‌రాయ్ అనే ఊరి దగ్గర హైవే దిగాను. తొమ్మిదీ ఇరవై.

పెట్రోలు బంకు పక్కనే ఒక చిన్న గ్యారేజీ ఉంది. అందులో ఉన్న పెద్దాయన బానెట్ ఎత్తి, ట్యాంకు మూత తీసి వాసన చూశాడు.

"షాంపూనా?" అన్నాడు.

తలూపాను.

"ఈ చలికాలంలో ఉత్త నీళ్లు పోసుకుని వచ్చినవాళ్లలో మీరు ఆరోవారు. అందరూ ఆ సార్నియా కాలేజీ వాళ్లే. షాంపూ మాత్రం మీతో కలిపి ఇద్దరే." ఆద్యని చూసి గొంతు తగ్గించాడు. "ఎన్నింటికి చేరాలి?"

"పదకొండుకి. ఆసుపత్రికి."

ఇంకేమీ అడగకుండా కారుని లోపలికి, వెచ్చగా ఉన్న చోటికి తోలాడు. టీ కోసం పెట్టుకున్న కెటిల్‌లోని నీళ్లు ట్యాంకులో పోసి, కరిగినదంతా చేతిపంపుతో లాగేశాడు. మైనస్ నలభైలోనూ గడ్డకట్టదని రాసి ఉన్న నీలం ద్రవం క్యాన్ మొత్తం పోశాడు. లివర్ లాగితే అద్దం మీద రెండు నీలం ఊటలు లేచాయి. క్యాన్ ఖరీదు మాత్రమే తీసుకున్నాడు. పదీ ఐదుకి కదిలాం.

ఆసుపత్రి చేరేసరికి పదీ యాభై. స్రవంతి ఆద్య బుగ్గ గిల్లి, "పోతున్న అక్కా, సిటీ బస్సున్నది. రిజల్టు మెసేజ్ పెట్టు" అని వెళ్లిపోయింది.

పరీక్ష, బయటి శబ్దం చొరబడని చిన్న గదిలో. ఆద్యని ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చోవాలి. ఒకసారి కుడి నుంచి, ఒకసారి ఎడమ నుంచి సన్నటి మోతలు. ప్రతి మోతకీ ఆద్య తల తిప్పింది. నాకు వినపడీ వినపడని వాటికి కూడా.

"రెండు చెవులూ చక్కగా ఉన్నాయి. మాట కోసం స్పీచ్ థెరపీకి రాస్తాను" అంది పరీక్ష చేసిన అమ్మాయి. తర్వాత కాగితం మీద రాసుకుంటూ అడిగింది. "ఇంట్లో తనతో ఎవరెవరు మాట్లాడతారు?"

"నేనొక్కదాన్నే."

"ఇది మీ తప్పు కాదు. కానీ మీరు ఏం చేస్తున్నా పైకి చెబుతూ ఉండండి. మీ భాషలోనే."

కింద కాఫీ, ఒక మఫిన్ కొనుక్కుని కూర్చుని, ముందురోజు సాయంత్రం ఆద్యతో ఏమేం అన్నానో గుర్తు చేసుకున్నాను. రా. తిను. వద్దు. పడుకో. ఇంకేమీ దొరకలేదు. మా ఆయనతో ఫోన్‌లో మాట్లాడేది కూడా ఆద్య నిద్రపోయాకే.

ఒకటిన్నరకి తిరుగు ప్రయాణం. పక్క సీటు ఖాళీ. హైవే ఎక్కాక పైకి మాట్లాడటం మొదలుపెట్టాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఆద్యా, ఇప్పుడు అమ్మ బటన్ నొక్కుతుంది. పక్క అద్దానికి చలేస్తోంది, వెచ్చబెడుతున్నాం. అదిగో ట్రక్కు. మన మీద బురద కొట్టింది చూడు, మనం కడిగేద్దాం." లివర్ లాగాను. ష్‌ష్ మని నీలం ఊట లేచింది.

వెనక నుంచి, "ష్‌ష్" అని వినపడింది.

లోపలి అద్దంలో చూశాను. ఆద్య తొడుగు నోట్లోంచి తీసేసి ముందు అద్దం వైపే చూస్తోంది. మళ్లీ లాగాను. "ష్‌ష్." అది మాట కాదని నాకు తెలుసు. అయినా ఆ తర్వాత బురద ఉన్నా లేకున్నా లాగుతూనే ఉన్నాను, పొలాల గురించీ, తెనాలి గురించీ, కెటిల్ తాతయ్య గురించీ చెబుతూనే ఉన్నాను.

సార్నియా ఎగ్జిట్ దగ్గర, మూడింటికి, ట్యాంకు ఖాళీ అని పసుపు లైటు వెలిగింది. ఈ దారిన చలికాలంలో వెళ్లేవాళ్లు డిక్కీలో ఇంకో క్యాన్ పెట్టుకోండి. నూరు కిలోమీటర్లకి ఒకటి చాలకపోవచ్చు.