రెండంగలకో పచ్చలైటు

భువనగిరి దగ్గర రాళ్ల క్వారీలో ముప్పై ఏళ్ల పేలుళ్లు నూరుద్దీన్ చెవులను మింగేశాయి. ఇప్పుడాయన పొలాల్లో పోయిన నగలు వెతికిపెడతాడు. ఆయన మెటల్ డిటెక్టర్‌కు శబ్దం ఎప్పుడూ బందే. పిడి మీది లైట్లే చూస్తాడు: ఇనుముకు ఎరుపు, వెండికి పచ్చ.

కల్వకుర్తి దగ్గర ఉమారాణి ఆయన్ను పిలిపించింది. పోయిన నెల ఆమె అత్తను సొంత చెల్క పొలంలోనే పూడ్చారు. అప్పటికి ముసలమ్మకు అడుగేస్తే గల్లుమనే వెండి కడియం ఒక కాలికే ఉంది. పూడ్చేముందు ఆనవాయితీ ప్రకారం దాన్నీ తీసేశారు.

"రెండోది గీ చెల్కలనే పడ్డది, జర దేవులాడు చాచా," అంది ఉమారాణి, తన పెదవులు ఆయనకు కనిపించేలా.

మిట్టమధ్యాహ్నం పచ్చలైటు వెలిగింది. తవ్వితే ఉత్త మన్ను. రెండంగల అవతల మళ్లీ వెలిగింది. అక్కడా మన్నే. ఆపైన ఇంకో రెండంగలకు. ఒంటికాలి కడియంతో ఎవరో నడిచినట్టు.

"గిదేమన్న నడుస్తాందా బిడ్డా?" అని విసుక్కుంటూ లైటు వెంట పోయాడు. అత్తను పూడ్చిన రాళ్లకుప్ప దగ్గర పచ్చలైటు ఆరకుండా నిలిచింది.

నూరుద్దీన్ వెనక్కి తిరిగాడు. ఉమారాణి రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని రాళ్లకుప్పనే చూస్తోంది.

పొరపాటున శబ్దం పెట్టానా అని మిషన్ చూసుకున్నాడు.

బందే ఉంది.